రీఫ్ ట్యాంకు పెట్టాలనుకుంటున్నారా? మొదటి పగడం దాకా ఓపిగ్గా ఇలా వెళ్లండి

రీఫ్ ట్యాంకు అంటే పగడాలూ చేపలూ కలిసి బతికే ఉప్పునీటి ట్యాంకు. మొదటిసారి ఉప్పునీటి ట్యాంకు పెట్టినప్పుడు, నీళ్లు పోసిన పన్నెండో రోజున రెండు క్లౌన్ చేపలు తెచ్చుకున్నాను. నీళ్లు అద్దంలా ఉన్నాయి. అమ్మినాయన "బ్యాక్టీరియా సీసా పోశారుగా, ఏం కాదు" అన్నారు. మూడో రోజు పొద్దున ఒక చేప నీటి పైకొచ్చి, నోరు తెరుచుకుని, మొప్పలు గబగబా ఆడిస్తోంది. సాయంత్రానికి రెండూ పోయాయి. ఆ రాత్రి అమ్మోనియా టెస్ట్ కిట్ మొదటిసారి విప్పాను. పసుపు రంగులో ఉండాల్సిన నీళ్లు గొట్టంలో చిక్కటి ఆకుపచ్చకు తిరిగాయి. ఆ కిట్ అప్పటికి రెండు వారాలుగా అల్మరాలోనే ఉంది.

ట్యాంకు ఖాళీ చేసి, ఐదు నెలలు చదివి, మళ్లీ మొదలుపెట్టాను. ఇప్పుడు హైదరాబాదులో మా హాల్లో నడుస్తున్న 180 లీటర్ల ట్యాంకు ఆ రెండోసారి పెట్టిందే. అందులో నేర్చుకున్నదంతా వరసగా రాస్తున్నాను. మన ఊళ్ల ఎండలు, మన నీళ్లు, మన కరెంటు, మన చట్టం దృష్టిలో పెట్టుకుని రాసింది ఇది.

1. మొదటి రెండు నెలలు ఏమీ కొనొద్దు

చాలామంది ముందు ట్యాంకు కొని, తర్వాత దాంట్లో ఏం వెయ్యాలా అని ఆలోచిస్తారు. దీన్ని తిప్పి చెయ్యాలి. ఒక నోటుబుక్కు తీసుకుని, మీకు ఏ జీవాలు కావాలో రాయండి. ఒక్కో జీవానికి ఒక పేజీ: పెరిగితే ఎంతవుతుంది, ఏం తింటుంది, ఎవరితో పడదు, ఎంత వేడి దాకా తట్టుకుంటుంది.

ఈ పని చేస్తుండగానే జాబితాలో సగం పేర్లు కొట్టేస్తారు. సినిమా చూసి పిల్లలు అడిగే బ్లూ టాంగ్ 30 సెంటీమీటర్ల దాకా పెరుగుతుంది. షాపులో అది బొటనవేలంత ఉంటుంది కాబట్టి మూడడుగుల ట్యాంకులో సరిపోతుందనిపిస్తుంది, కానీ సరిపోదు. మాండరిన్ చేప రోజంతా రాళ్ల మీద కోపెపాడ్లనే సన్నటి పురుగుల్ని ఏరుకుని తింటుంది. కొత్త ట్యాంకులో అవి ఉండవు, అందుకే చేప వారాల తరబడి చిక్కి చిక్కి చనిపోతుంది. సముద్రంలో తనకు ఆశ్రయమిచ్చే అనిమోన్ అనే జీవి లేకపోయినా క్లౌన్ చేప హాయిగా బతుకుతుంది. అనిమోన్‌ను మాత్రం ట్యాంకుకు ఏడాది నిండేదాకా తేకండి.

చదివే ప్రతిదాన్నీ ఒక ప్రశ్నతో జల్లెడ పట్టండి: ఇది చెబుతున్న మనిషి ట్యాంకు వయసెంత? ఆరు నెలల ట్యాంకు చూపించి సలహాలు చెప్పేవాళ్లు బోలెడంతమంది ఉన్నారు. రెండేళ్లు దాటిన ట్యాంకు ఉన్నవాళ్లు మీ ఊళ్లో ఒక్కరు దొరికినా చాలు, వెళ్లి కూర్చోండి. ఏం పెంచారని కాదు, ఏవి చచ్చిపోయాయి, ఎందుకు చచ్చిపోయాయి అని అడగండి. నాకు అలా దొరికిన ఒక పెద్దాయన తన పాత డైరీలు ముందు పెట్టారు. ఆ ఒక్క సాయంత్రం నాకు నెల చదువుతో సమానం.

2. చట్టం ముందే తెలుసుకోండి

ఈ విషయం విదేశీ వీడియోల్లో ఉండదు. మన దేశంలో రాతి అస్థిపంజరం కట్టే గట్టి పగడాలన్నింటినీ, నల్ల పగడాల్ని, విసనకర్రలా ఉండే సీ ఫ్యాన్ పగడాల్ని 2001లో వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 షెడ్యూల్ 1లో చేర్చారు. పులికి ఉన్నంత రక్షణ వాటికీ ఉంది. సముద్రపు గుర్రాల్ని, సముద్ర దోసకాయలనే జీవుల్ని కూడా అప్పుడే చేర్చారు. మన్నార్ సింధుశాఖలో, లక్షద్వీప్‌లో, అండమాన్‌లో, కచ్ తీరంలో ఏ పగడాన్నీ తియ్యడానికి లేదు. లైవ్ రాక్ పేరుతో అమ్మే రాయి కూడా చాలావరకు చచ్చిన పగడపు అస్థిపంజరమే కాబట్టి, మన తీరం నుంచి తీసిన రాయి ఎవరు ఇస్తానన్నా వద్దనండి.

చట్టాన్ని 2022లో సవరించి జాబితాలు మళ్లీ రాశారు. కాబట్టి ఏది కొనే ముందైనా ఇప్పుడున్న షెడ్యూలు చూసుకోండి. బిల్లు, దిగుమతి కాగితాలు అడగండి, చూపించనివాళ్ల దగ్గర కొనకండి. నా సలహా ఒక్కటే. గట్టి పగడాల జోలికి పోవద్దు. ట్యాంకుల్లోనే పెంచి విడదీసిన మెత్తటి పగడాలు, హేచరీలో పుట్టిన క్లౌన్ చేపలు చాలు. క్లౌన్ చేపల్ని హేచరీలో పుట్టించి పెంచే పద్ధతుల్ని మన కేంద్రీయ సముద్ర మత్స్య పరిశోధన సంస్థే అభివృద్ధి చేసింది. హేచరీ చేప మొదటి రోజు నుంచే మేత తింటుంది, సముద్రంలో పట్టిన చేపలా బెదిరిపోదు.

3. ట్యాంకు, బరువు, ఎండాకాలం

మొదటిసారి పెట్టేవాళ్లకు 90 సెంటీమీటర్ల పొడవు, 45 వెడల్పు, 45 ఎత్తు బాగుంటుంది. ఇది దాదాపు 180 లీటర్లు. చిన్నది సులువు అనుకుంటారు గానీ, 40 లీటర్ల ట్యాంకులో ఒక నత్త చచ్చినా నీళ్లు పాడవుతాయి. నీళ్లు ఎక్కువుంటే తప్పు దిద్దుకునే టైమ్ ఉంటుంది.

నీళ్లు, గాజు, రాళ్లు, ఇసుక, స్టాండు, ట్యాంకు కింద ఫిల్టర్ కోసం పెట్టే రెండో తొట్టి (సంప్) అన్నీ కలిపితే 300 కిలోలు దాటుతుంది. అపార్ట్‌మెంట్ అయితే గది మధ్యలో కాకుండా బీమ్ ఉన్న గోడ పక్కన పెట్టండి. కిటికీ ఎండ తగలకూడదు.

సంప్ పెడితే, ఉప్పు కలపక ముందే మామూలు నీళ్లతో నడిపి, కావాలని కరెంటు తీసెయ్యండి. పై ట్యాంకులోంచి ఎంత నీరు కిందికి దిగుతుందో, సంప్ పొంగుతుందో లేదో చూడండి. ఇలా పదిసార్లు చెయ్యండి. మన దగ్గర కరెంటు పోవడం ఎప్పుడో ఒకసారి జరిగే విషయం కాదు. నీటిని కదిలించే పంపు, అంటే వేవ్‌మేకర్, ఒక్కటైనా ఇన్వర్టర్ మీద ఉండాలి. వెలుతురు నాలుగు గంటలు లేకపోయినా ఏమీ కాదు, నీరు కదలకపోతే మాత్రం ఆక్సిజన్ అయిపోతుంది.

ఇక వేడి. రీఫ్ ట్యాంకు 25 డిగ్రీల దగ్గర ఉండాలి. 29 దాటి రోజుల తరబడి ఉంటే పగడం తన ఒంట్లో ఉండే సూక్ష్మ నాచును బయటికి తోసేస్తుంది. ఆ నాచే దానికి ఎక్కువ తిండి పెడుతుంది. అందుకే పగడం తెల్లబడి, ఆకలితో పోతుంది. హైదరాబాదు వేసవిలో గాలి పొడిగా ఉంటుంది కాబట్టి, నీటి మీదికి చిన్న ఫ్యాను తిప్పితే నీరు ఆవిరై మూడు డిగ్రీల దాకా చల్లబడుతుంది. విశాఖలో, కాకినాడలో అదే ఫ్యాను అంతగా పనిచెయ్యదు, అక్కడి గాలిలో తేమ ఎక్కువ. అక్కడ నీళ్లు చల్లబరిచే చిల్లర్ తప్పదు. ఇక్కడైనా ఏప్రిల్, మే నెలల్లో ఏసీ లేని గదైతే చిల్లర్ కావాల్సిందే. చిల్లర్ తీసిన వేడిని గదిలోకే వదులుతుంది కాబట్టి దాన్ని మూసిన క్యాబినెట్‌లో పెట్టకండి. వీలైతే జీవం వెయ్యకుండా ఉత్త నీళ్లతో ఒక మే నెల గడపండి. రోజూ మధ్యాహ్నం మూడింటికి, తెల్లవారుజామున ఐదింటికి ఉష్ణోగ్రత రాసుకుంటే, కొనాల్సిందేమిటో ఆ కాగితమే చెబుతుంది.

4. నీళ్లు

ఎక్కువ ట్యాంకులు నీళ్ల దగ్గరే చెడతాయి. బోరు నీళ్లు, మంజీరా నీళ్లు, ఏవైనా నేరుగా పోయకూడదు. వంటింటి ఆర్‌ఓ నీళ్లూ పనికిరావు. రుచి కోసం వాటిలో చాలా మెషిన్లు కొంత మామూలు నీరు మళ్లీ కలుపుతాయి, నీటిలో కరిగిన లవణాల లెక్క, అంటే టీడీఎస్, 50 దాకా ఉంటుంది. కొన్నింటిలో ఆరోగ్యానికి మంచిదని రాగి కలిపే కార్ట్రిడ్జ్ కూడా ఉంటుంది. మనిషికి మంచిదేమో గానీ, రాగి కొంచెం తగిలినా రొయ్యలు, నత్తలు, పగడాలు బతకవు. రాగి బిందెలు, ఇత్తడి పంపులు కూడా ఈ పనికి దూరం. ఆర్‌ఓ తర్వాత, మిగిలిన లవణాల్ని కూడా పట్టేసే డీఐ రెసిన్ ఉన్న యూనిట్ విడిగా పెట్టుకోండి. మీటర్ మీద టీడీఎస్ సున్నా రావాలి.

"విశాఖ నుంచి సముద్రపు నీళ్లే తెప్పించుకోవచ్చుగా" అని అందరూ అడుగుతారు. గంగ, గోదావరి, కృష్ణ లాంటి నదులన్నీ కలవడం వల్ల బంగాళాఖాతం పైనీటిలో ఉప్పదనం తగ్గుతుంది, వానాకాలం తర్వాత మరీను. ఒడ్డు నీటిలో ఊరి మురుగు కూడా ఉంటుంది. వద్దు.

వంటకు వాడే కల్లుప్పు ఎందుకు పనికిరాదో కూడా చెప్పాలి. నౌపడ లాంటి చోట్ల ఉప్పు మళ్లలో నీరు ఎండుతున్నప్పుడు సున్నం, జిప్సం ముందే అడుగున దిగిపోతాయి, ఆ తర్వాత ఉప్పు గడ్డకడుతుంది, మెగ్నీషియం చివర మిగిలే చేదునీటిలో ఉండిపోతుంది. మన చేతికొచ్చేది ఎక్కువగా సోడియం క్లోరైడే. పగడానికి కాల్షియం, మెగ్నీషియం రెండూ కావాలి. అందుకని రీఫ్ సాల్ట్ మిక్స్ కొనాలి, లీటరుకు దాదాపు 36 గ్రాములు పడుతుంది.

విడిగా ఒక డ్రమ్ములో నీళ్లు పోసి, లోపల పంపు తిరుగుతుండగా ఉప్పును కొద్దికొద్దిగా వెయ్యండి. ఉప్పు మీద నీళ్లు పోస్తే సున్నం తెల్లగా విరిగి అడుగున చేరుతుంది. ఒక రోజు తిరగనిచ్చి ఉప్పదనం చూపే రిఫ్రాక్టోమీటర్‌తో కొలవండి. 35 పీపీటీ (వెయ్యికి 35 పాళ్లు) రావాలి. రిఫ్రాక్టోమీటర్‌ను ఉత్త ఆర్‌ఓ నీళ్లతో సున్నా చేసి ఊరుకోకండి, 35 పీపీటీ ప్రామాణిక ద్రావణంతో సరిచెయ్యండి.

ఆవిరయ్యేది నీరే, ఉప్పు కాదు. కాబట్టి రోజూ తగ్గినంత నీటిని ఉప్పు లేని ఆర్‌ఓ డీఐ నీళ్లతోనే నింపాలి. వేసవిలో ఫ్యాను తిరిగితే మా ట్యాంకులో రోజుకు మూడు లీటర్లు తగ్గుతుంది. రెండ్రోజులు ఊరెళ్తే ఉప్పదనం ఎంత మారుతుందో లెక్క వేసుకోండి. ఆటో టాప్ అప్ పరికరం నేను మొదటి నెలలోనే కొన్నాను, ఆ ఖర్చుకు ఎప్పుడూ బాధపడలేదు.

5. రాయి, సైకిల్

మన తీరపు రాయి వద్దనుకున్నాం కాబట్టి కృత్రిమ పొడి రాయి, లేదా సెరామిక్ రాయి తీసుకోండి. 180 లీటర్లకు 12 నుంచి 15 కిలోలు. ఇసుక వెయ్యక ముందే రాళ్లను గాజు అడుగున కుదురుగా నిలబెట్టండి. ఇసుక మీద పెడితే చేపలు కింద తవ్వి రాళ్లు కూలుస్తాయి.

1961లో జకార్తాకు చెందిన లీ చిన్ ఎంగ్ అనే ఆయన, సముద్రం నుంచి తెచ్చిన జీవమున్న రాళ్లతో, గాలి బుడగలతో మాత్రమే ట్యాంకు నడపొచ్చని రాశారు. ఆ రాళ్లతో పాటే బ్యాక్టీరియా, పురుగులు, స్పాంజీలు అన్నీ వచ్చేవి. మన పొడి రాయికి అవేవీ లేవు. అవన్నీ మన ట్యాంకులోనే ఒక్కొక్కటిగా పుట్టి పెరగాలి. విదేశీ వీడియోలో నాలుగు వారాల్లో అయ్యేది మనకు నాలుగు నెలలు పట్టేది ఇందుకే.

సైకిల్ అంటే, చేపల వ్యర్థాల నుంచి వచ్చే అమ్మోనియాను మార్చేసే బ్యాక్టీరియాను ట్యాంకులో ముందే పెంచడం. దాన్ని చేప వెయ్యకుండా చేద్దాం. అమ్మోనియం క్లోరైడ్ ద్రావణం వేసి అమ్మోనియాను 2 పీపీఎంకు (పది లక్షల పాళ్లలో రెండు పాళ్లు) తేవాలి, సీసా బ్యాక్టీరియా కూడా వెయ్యొచ్చు. లైట్లు ఆపెయ్యండి. ఒక రకం బ్యాక్టీరియా అమ్మోనియాను నైట్రైట్ చేస్తుంది, ఇంకో రకం నైట్రైట్‌ను నైట్రేట్ చేస్తుంది. ఈ రెండో రకం నిదానంగా పెరుగుతుంది.

గప్పీలు, గోల్డ్ ఫిష్ పెంచి వచ్చినవాళ్లకు ఇక్కడో మాట. ఉప్పునీటి పీహెచ్ 8.2 దగ్గర ఉంటుంది. పీహెచ్ ఎక్కువున్న కొద్దీ అమ్మోనియాలో విషపు రూపం పాలు పెరుగుతుంది. మంచినీటి ట్యాంకులో చేప ఓర్చుకున్నంత అమ్మోనియా ఇక్కడ చంపేస్తుంది. నా రెండు చేపలూ పోయింది అందుకే.

మూడు రోజులకోసారి టెస్ట్ చేసి నోటుబుక్కులో రాయండి. మా ఇంట్లో రెండు వారాలు అమ్మోనియా గొట్టం ఆకుపచ్చగానే ఉంది. పద్దెనిమిదో రోజున పచ్చదనం పలచబడింది. గొట్టాన్ని తెల్ల కాగితం మీద పెట్టి, పగటి వెలుతురులో కిటికీ దగ్గర రెండుసార్లు చూశాను. అదే రోజు నైట్రైట్ గొట్టం ముదురు ఊదా రంగుకు తిరిగింది. అది తేటపడటానికి ఇంకో మూడు వారాలు పట్టింది. 2 పీపీఎం అమ్మోనియా వేస్తే 24 గంటల్లో అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నా కావాలి. వారం తేడాతో రెండుసార్లు అలా వస్తేనే అయినట్టు లెక్క.

ఈ వారాల్లో మా మామయ్య వచ్చినప్పుడల్లా "ఏరా, ఇంకా చేపలేవీ?" అనేవారు. ఇంటికొచ్చినవాళ్లంతా అదే అడుగుతారు. ఆ మాటకు మొహమాటపడి షాపుకు వెళ్లకండి. రాత్రి లైట్లన్నీ తీసేసి, మామయ్యను పక్కన కూర్చోబెట్టుకుని టార్చి వేసి రాళ్లు చూపించాను. పొడి రాయిగా పెట్టిన చోట ఆవగింజలో పావువంతు లేని తెల్లటి పురుగులు గాజు మీద కుదుపులు కుదుపులుగా పరుగెత్తుతున్నాయి. స్నేహితుడిచ్చిన గుప్పెడు ఇసుకతో వచ్చిన కోపెపాడ్లవి. ఆయన చాలాసేపు చూశారు.

6. గోధుమరంగు నెలలు

సైకిల్ అయ్యాక సగం నీళ్లు మార్చి, లైట్లు రోజుకు ఆరు గంటలు వెయ్యడం మొదలుపెట్టండి. వారంలో ఇసుక మీద గోధుమరంగు పొడిలాంటి నాచు వస్తుంది. అది డయాటమ్‌లు. ఆ తర్వాత పచ్చటి పీచు నాచు, ఒక్కోసారి ముదురెరుపు జిగురు పొర. తెల్లటి రాయి కొన్ని నెలల పాటు చూడబుద్ధి కాకుండా ఉంటుంది.

ఈ దశలోనే ఎక్కువమంది వదిలేస్తారు, లేదా ఏదో మందు పోస్తారు. మందు పొయ్యకండి. చేతితో పీకండి, నీళ్లు మార్చేటప్పుడు పైపుతో లాగెయ్యండి, నాచు తినే నత్తలు నాలుగైదు వెయ్యండి. నైట్రేట్, ఫాస్ఫేట్‌ను సున్నాకు దించాలని మాత్రం ప్రయత్నించకండి. రెండూ సున్నా అయితే డైనోఫ్లాజెల్లేట్లు పెరుగుతాయి. పగలు బుడగలతో చీమిడిలా వేలాడి, రాత్రి పలచబడేది అదే. దాన్ని వదిలించుకోవడం పీచు నాచు కంటే చాలా కష్టం. నైట్రేట్ 5 నుంచి 10 పీపీఎం, ఫాస్ఫేట్ 0.05 దగ్గర ఉంచండి.

ఇంకో జాగ్రత్త. నీటిలోని మురికిని నురగగా తీసే స్కిమ్మర్ గదిలో గాలిని పీల్చి నీటిలో బుడగలుగా కలుపుతుంది. ఆ గదిలో దోమల స్ప్రే, బొద్దింకల మందు కొట్టకూడదు. పైరెత్రాయిడ్ మందులు రొయ్యల్ని, చేపల్ని చాలా తక్కువ మోతాదులోనే చంపుతాయి. ఫినాయిల్ ముట్టిన చెయ్యి, సబ్బు చెయ్యి ట్యాంకులో పెట్టకండి. ఇంట్లో పనికి వచ్చే ఆవిడకు కూడా ఇది ఒకసారి విడమర్చి చెప్పండి.

7. మొదటి చేప

మూడో నెలలో రెండు చిన్న క్లౌన్‌లు. నేరుగా ట్యాంకులోకి కాదు. 40 లీటర్ల ఉత్త గాజు తొట్టి, స్పాంజ్ ఫిల్టర్, దాక్కోవడానికి రెండు పీవీసీ ముక్కలు, అంతే క్వారంటైన్. నెల రోజులు అక్కడే. చేప ఒంటి మీద రవ్వ చల్లినట్టు తెల్ల చుక్కలొస్తే అది ఇక్ అనే పరాన్నజీవి. దాని గుడ్డుతిత్తులు రాళ్లకు అతుక్కుని వారాల తరబడి ఉంటాయి. ఒకసారి పెద్ద ట్యాంకులోకి వచ్చిందంటే చేపలన్నీ తీసి 76 రోజులు ఖాళీగా ఉంచమంటారు. రాగి మందు వాడాల్సొస్తే క్వారంటైన్ తొట్టిలోనే, టెస్ట్ కిట్‌తో కొలుస్తూ వాడాలి. ఆ తొట్టిలో వాడిన వల కూడా పెద్ద ట్యాంకులో ముంచకండి.

మీ ఊరి షాపు నుంచి గంటలో తెచ్చిన చేపైతే, సంచీ మూతి విప్పి, అందులో తొట్టి నీళ్లు అరగంట పాటు చుక్కచుక్కగా కలపండి. వేరే ఊరి నుంచి రాత్రంతా ప్రయాణం చేసి వచ్చిన సంచీ అయితే అలా చెయ్యకూడదు. సంచీలో కార్బన్ డయాక్సైడ్ పేరుకుని పీహెచ్ పడిపోతుంది, అందులోని అమ్మోనియా అప్పటిదాకా పెద్దగా హాని చెయ్యదు. మూతి విప్పగానే పీహెచ్ పెరిగి అదే అమ్మోనియా విషమవుతుంది. క్వారంటైన్ తొట్టి ఉప్పదనాన్ని ముందే షాపును అడిగి సమానం చేసి పెట్టుకుని, సంచీ నీళ్ల వేడి, తొట్టి నీళ్ల వేడి సమానమయ్యాక వెంటనే చేపను దింపండి.

8. మొదటి పగడం

ఐదో నెల. అల్కలినిటీ (నీటి క్షారత, దీన్ని డీకేహెచ్‌లలో కొలుస్తారు) వరసగా నాలుగు వారాలు 8, 9 డీకేహెచ్ మధ్యలోనే నిలిచిందా, ఉష్ణోగ్రత రోజులో ఒక డిగ్రీకి మించి ఊగడం లేదా, నోటుబుక్కు చూసుకోండి. గాజు మీదో పంపు మీదో గులాబీరంగు చుక్కలు కనిపిస్తే కోరలైన్ నాచు మొదలైనట్టు, అది మంచి గుర్తు.

మష్రూమ్ పగడం ఒకటి, లెదర్ పగడం ఒకటి చాలు. పగడాలకు బంధువులైన జోయాంథిడ్లు అందంగా ఉంటాయి గానీ వాటిలో కొన్నింటిలో పాలిటాక్సిన్ అనే భయంకరమైన విషం ఉంటుంది. చేతికి గ్లవ్స్, కళ్లకు అద్దాలు లేకుండా కొయ్యకండి. అవి ఉన్న రాయిని ఎట్టి పరిస్థితుల్లో వేడినీళ్లలో మరిగించకండి. ఆ ఆవిరి పీల్చి ఆసుపత్రి పాలైనవాళ్లు ఉన్నారు.

కొత్త పగడాన్ని అడుగున, వెలుతురు తక్కువ ఉన్న చోట పెట్టి, లైటును 30 శాతంతో మొదలుపెట్టి నెల రోజుల్లో పెంచండి. తర్వాతి జీవానికి కనీసం నాలుగు వారాలు ఆగండి.

లెదర్ పగడం మీకు ఒక పరీక్ష పెడుతుంది. మాది తెచ్చిన మూడో వారంలో ఉన్నట్టుండి వేళ్లన్నీ లోపలికి ముడుచుకుని, పైన మైనం పూసినట్టు మెరుస్తూ, చచ్చిన తోలులా అయిపోయింది. చాలా టెన్షన్ పడ్డాను. జరపాలనిపించింది, నీళ్లు మార్చాలనిపించింది. పరీక్షలన్నీ చేశాను, అన్నీ నోటుబుక్కులో ఉన్నట్టే వచ్చాయి. అందుకని చెయ్యి పెట్టలేదు, వేవ్‌మేకర్‌ను మాత్రం కొంచెం అటు తిప్పాను. లెదర్ పగడం అప్పుడప్పుడూ ఇలా పై పొర విడుస్తుందని ఆ పెద్దాయన డైరీలో చదివి ఉన్నాను. తొమ్మిదో రోజు పొద్దున లైట్లు వెలిగేసరికి ఆ పొర ఒక పక్క ఊడి, ప్రవాహంలో పలచటి గుడ్డపీలికలా ఊగుతోంది. దాని కింద లేత పసుపు రంగు వేళ్లు ఒక్కొక్కటే బయటికొస్తున్నాయి.